ఏడు నీళ్ళు కడిగిన బొగ్గు

ఫాల్గుణ శుద్ధ దశమి

పదకొండు బుట్టల రొయ్య పొట్టు వచ్చింది. రెండు బుట్టలు మురిగిపోయి ఉంటే వెనక్కి పంపాను. వలిచే షెడ్డు నుంచి ఒకావిడ వచ్చి, కాల్చి బొగ్గు చేసేదానికి మురిగితే ఏంటి, మురక్కపోతే ఏంటి అని నిలదీసింది. మురిగితే పొట్టులో ఉన్న నత్రజని కంపు రూపంలో లేచిపోతుందని, మాకు కావలసింది సరిగ్గా అదేనని చెప్పాను. అయితే ఆ కంపేదో మీరే ఉంచుకోండి అని వెళ్ళిపోయింది.

బట్టీ ఏడు వందల డిగ్రీల దగ్గర నిలకడగా ఉంది. దావీదు మేస్త్రి పొద్దుటినుంచి స్టూలు దిగలేదు. ఆయనకి అరవై మూడేళ్ళు. ఈ పదో గట్టు మీద మొదటి బట్టీ కట్టింది ఆయనే, నాకు పని నేర్పిందీ ఆయనే. ఎనిమిది వందలు దాటితే బొగ్గులో నత్రజని నిలవదు, ఆరు వందలకి తగ్గితే బొగ్గులో చిల్లులు పడవు, ఆ మధ్యలో ఉన్నదే మన బతుకు, రత్నం, అని నాతో అంటారు.

మధ్యాహ్నం మండలి కార్యదర్శి శేషగిరి గారు వచ్చారు. చైత్రం చివర్లో గట్ల సమాఖ్య వాళ్ళు మన బట్టీ చూడ్డానికి వస్తున్నారట. నచ్చితే ఈ బొగ్గుతో కరెంటు దాచే చార్జీ పెట్టెలు అన్ని గట్లకీ ఇక్కడే చేయిస్తారట. వాళ్ళొచ్చేసరికి రెండు వందల పెట్టెలు సిద్ధంగా ఉండాలన్నారు. మేం నెలకి నలభై చేస్తాం. ఆ సంగతి ఆయనకీ తెలుసు. తెలిసే, లెక్క వేసుకునే వచ్చారు. కడిగే దగ్గర తొమ్మిది రోజులు పోతున్నాయి, ఏడు నీళ్ళు కడగడం ఎందుకు, రెండు నీళ్ళు చాలు అన్నారు. పైగా వాన నీళ్ళ ట్యాంకు ముట్టుకోవద్దు, బోరు నీళ్ళు వాడండి అన్నారు.

బోరులో వచ్చేవి తుప్పు నీళ్ళని, అందులో ఉన్న ఇనుము బొగ్గు చిల్లుల్లోకి దూరిందంటే మామూలు నీళ్ళతో మళ్ళీ బయటికి రాదని మేస్త్రి చెప్పారు. శేషగిరి గారు ఓపిగ్గా విన్నారు. తర్వాత అన్నారు:

"వేసవి వస్తోంది మేస్త్రిగారూ. తాగడానికి చాలని నీళ్ళు బొగ్గు మీద పోస్తున్నామని జనానికి మీరు చెబుతారా?"

ఆ ప్రశ్నకి ఎవరు మాత్రం ఏం చెబుతారు? ఆయన వెళ్ళాక మేస్త్రి అరగంటసేపు బట్టీ కేసి చూస్తూ కూర్చుని, రెండు నీళ్ళే కడగమని అచ్చియమ్మకి చెప్పారు. కడుగుడు షెడ్డుకి పెద్ద ఆవిడే. పాతికేళ్ళుగా ఆవిడ చేతులు బొగ్గు నీళ్ళలోనే ఉన్నాయి. ఏమీ అడక్కుండా కొంగు బిగించుకుంది. కానీ నా కేసి ఒక చూపు చూసింది.


ఫాల్గుణ బహుళ తదియ

రెండు నీళ్ళ బొగ్గుతో చేసిన మొదటి పెట్టెలు ఇవాళ రేవుకి తెచ్చాం. పరీక్ష నాదే. నేను ముద్ర వేస్తేనే పెట్టె జనంలోకి వెళ్తుంది.

సముద్రపు పోటుతో కరెంటు తీసే పోటు చక్రాలు రోజుకి రెండుసార్లు, నాలుగేసి గంటలు తిరుగుతాయి. గట్టు మీద ఉన్న పదిహేను వందల ఇళ్ళూ ఆ కాసేపట్లోనే పెట్టెలు నింపుకోవాలి. పాతకాలం బ్యాటరీలు ఈ వేగానికి తట్టుకోలేవు, వాటికి కావలసిన సరుకూ ఇప్పుడు ఎక్కడా దొరకదు. మా బొగ్గు పలకల పెట్టె మాత్రం టీ తాగేలోపు నిండుతుంది. నిండిన పెట్టె ఒకటిన్నర రోజు వస్తుంది. పెట్టె మీద మీటరు ఉండదు. రేవులో చార్జీ ఎక్కేటప్పుడే ముల్లు చూస్తాం.

ముల్లు వంద మీద నిలబడింది. ఇరవై పెట్టెలూ వందే. నిజం చెప్పాలంటే నాకే ఆశ్చర్యం వేసింది. శేషగిరి గారు పక్కనే నిలబడి, చూశారా అన్నట్టు తల ఊపారు. ఇరవైకీ ముద్ర వేశాను.

మా తమ్ముడు తాతారావు రెండు పెట్టెలు పడవకి పట్టుకెళ్ళాడు. ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి తొమ్మిదో గట్టుకి మనుషుల్ని చేరవేసే పడవ వాడిది. ఒక పెట్టె మోటారుకి, ఇంకొకటి మారుకి. కొత్తవి గదా, అక్క ముద్రతో వెళ్తున్నాను అని రేవులో అందరికీ చెప్పుకున్నాడు.


చైత్ర శుద్ధ షష్ఠి

నలుగురు వచ్చారు ఈ వారంలో. పెట్టె తొందరగా అయిపోతోందని. ఒకాయన బట్టలు కుట్టే మిషన్ మధ్యాహ్నానికే ఆగిపోతోంది అన్నాడు. ఇంట్లో ఎవరో ఎక్కువ వాడుతున్నారేమో చూసుకోండి అని పంపేశాను. తర్వాత మనసు ఊరుకోలేదు. కొత్త పెట్టె ఒకటి నింపి, దేనికీ తగిలించకుండా షెడ్డులో బల్ల మీద ఊరికే పెట్టాను. పొద్దున్న ఏడింటికి వంద. సాయంత్రం ఐదింటికి రేవుకి తీసుకెళ్ళి ముల్లు చూస్తే ఇరవై ఆరు.

ఎవరూ వాడలేదు. దానంతట అదే కారిపోయింది.

వెంటనే మండలి ఆఫీసుకి వెళ్ళాను. శేషగిరి గారు కూర్చోబెట్టి, చల్లటి నీళ్ళు ఇప్పించి, అంతా విన్నారు. ఒక్క పెట్టె చూసి అంత మాట అనడం బాగోదన్నారు. సమాఖ్య వాళ్ళు వచ్చి వెళ్ళనివ్వండి, ఆ తర్వాత మళ్ళీ ఏడు నీళ్ళు కడుగుదురుగాని అన్నారు. బట్టీ పుస్తకం వాళ్ళు కూడా చూస్తారు కాబట్టి ఈలోగా ఇది అందులో ఎక్కించొద్దు అన్నారు. మెత్తగా అన్నారు, బతిమాలుతున్నట్టు.

నేను ఎక్కించలేదు. సొంతంగా రాసుకునే ఈ పుస్తకంలో తప్ప ఆ ఇరవై ఆరు ఎక్కడా లేదు.


చైత్ర బహుళ విదియ

తమ్ముడు ఇంటికి వచ్చాడు. వెనక్కి వచ్చేటప్పటికి మోటారు ఉరవడి తగ్గుతోంది అక్కా, నాకేనా అలా అనిపించేది అని అడిగాడు. అవతలి గట్టు రేవులో కూడా ఒకసారి చార్జీ ఎక్కించుకో, కొన్నాళ్ళే, తర్వాత మార్చి ఇస్తాను అని చెప్పాను. ఎందుకు, ఏమైంది అని అడిగాడు. పెద్దగా ఏం లేదు అన్నాను. వాడు నమ్మాడు. నా మాట వాడు ఎప్పుడూ నమ్ముతాడు. మా అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేనే.

నూట అరవై పెట్టెలు అయ్యాయి. అన్నిటి మీదా నా ముద్రే.


చైత్ర అమావాస్య

పడవ పోయింది.


వైశాఖ శుద్ధ పాడ్యమి

నిన్న రాయలేకపోయాను. ఇవాళ రాస్తాను. రాయకుండా ఒకసారి ఊరుకున్నందుకే ఇదంతా.

సమాఖ్య వాళ్ళు నిన్ననే వచ్చారు. పొద్దున్న ఏడింటికి తాతారావు రెండు పెట్టెలూ నింపుకున్నాడు. ఎనిమిదింటికి బయల్దేరాల్సిన పడవని శేషగిరి గారి మనిషి ఆపాడు. అతిథులు రేవు చూడ్డానికి వస్తున్నారు, పడవ నిండుగా జనంతో కళకళలాడుతూ ఉండాలి, వాళ్ళు చూశాక వెళ్దురుగాని అన్నాడట. అతిథులు టిఫిన్లు చేసి, బట్టీ చూసి, రేవుకి వచ్చేటప్పటికి పదకొండున్నర. పడవలో ఏడుగురు ఎండలో కూర్చుని ఉన్నారు. అతిథులు చేతులు ఊపారు. పన్నెండింటికి పడవ కదిలింది.

అమావాస్య పాటు. నీళ్ళన్నీ సముద్రంలోకి ఈడ్చుకుపోతున్నాయి. మొగ మధ్యకి వెళ్ళేసరికి మోటారు ఆగింది. మారు పెట్టె తగిలించాడు. అదీ రెండు నిమిషాలు తిరిగి ఆగింది. ఐదు గంటలు రేవులో ఊరికే కూర్చున్న పెట్టెలు అవి. సగానికి దిగిన పెట్టె ఆ పాటుకి ఎదురు మోటారుని లాగలేదు. గెడ వేద్దామంటే అందదు అక్కడ. పడవ కొట్టుకుపోయి మునిగిన పాత వంతెన స్తంభాలకి తగిలి తిరగబడింది. వలల పడవల వాళ్ళు ఐదుగుర్ని లాగారు. తాతారావు ఒకావిణ్ణి పైకి నెట్టి ఇంకొకావిడ కోసం మళ్ళీ మునిగాడట. ఆవిడా రాలేదు, వాడూ రాలేదు. తొమ్మిదో గట్టు నుంచి వచ్చిన ముసలాయన ఒకాయన కూడా పోయాడు.

తమ్ముడు ఇవాళ పొద్దున్న దొరికాడు.

మా మరదలు వీరవేణి ఏడవడం లేదు. నేను వెళ్ళేసరికి, వలల వాళ్ళు తెచ్చి ఇచ్చిన పెట్టె ఒకటి వాకిట్లో ఉంది. దాన్ని రెండు చేతులతో ఎత్తి, నా ముద్ర ఉన్న వైపు నాకు కనిపించేలా తిప్పి, నా ముందు పెట్టింది. లోపలికి వెళ్ళిపోయింది. పాతిక మంది ఉన్నారు ఆ వాకిట్లో. నేను వెనక్కి వచ్చేశాను.


వైశాఖ శుద్ధ చవితి

బడిలో విచారణ జరిగింది. గట్టు గట్టంతా వచ్చింది.

శేషగిరి గారు బట్టీ పుస్తకం తెరిచి చదివారు. ఫాల్గుణం చివర్లో ఒకరోజు సెగ ఎనిమిది వందల డెబ్భై అని ఉంది. అది సెగ కొలిచే తీగ తెగిన రోజు. కొత్త తీగ వేసి చూస్తే ఏడు వందలే ఉంది. ఆ మాట కూడా కింద వరసలో రాసే ఉంది. కింద వరస ఆయన చదవలేదు. మేస్త్రి ముసలితనంలో బట్టీ మీద కన్ను వేసి ఉంచలేక సెగ పెరగనిచ్చాడని, బొగ్గులో నత్రజని కాలిపోయిందని, అందుకే పెట్టెలు పాడయ్యాయని అన్నారు. నత్రజని లేని బొగ్గుని నీళ్ళు సరిగా అంటవని, చార్జీ పట్టదని జనానికి అరటిపండు ఒలిచినట్టు చెప్పారు. ఆ ముక్కలు ఆయనకి నేర్పింది మేస్త్రే.

మేస్త్రిని లేచి చెప్పమన్నారు. ఆయన రెండే మాటలు చెప్పారు. కడగాల్సినన్ని నీళ్ళు కడగలేదు. తప్పు నాదే. మొదటి మాట విచారణ పుస్తకంలో ఎక్కలేదు. రెండో మాట ఎక్కింది.

నన్ను లేపారు. ముద్ర మీదేనా అన్నారు. నాదే అన్నాను. పెట్టెలు కారిపోతున్నాయని కార్యదర్శి గారికి చైత్రంలోనే చెప్పాను అన్నాను. శేషగిరి గారు బట్టీ పుస్తకం నా ముందుకి తోసి, అది ఎక్కడ రాశారో చూపించమన్నారు. రాయొద్దన్నది మీరే అన్నాను. ఆయన మండలి సభ్యుల కేసి తిరిగి, తమ్ముడు పోయిన బాధలో ఉంది, వదిలేద్దాం అన్నారు. జాలిగా అన్నారు.

ఇన్నేళ్ళలో ఎవరి గొంతూ పట్టుకోవాలని నాకు అనిపించలేదు. ఇవాళ అనిపించింది.

దావీదు మేస్త్రిని బయటి గట్టుకి పంపారు. అది సముద్రానికి ఎదురుగా ఉన్న ఆఖరి గట్టు. అలలు రాళ్ళని లాక్కుపోతుంటే మళ్ళీ రాళ్ళు పేర్చడమే అక్కడి పని. అరవై మూడేళ్ళ మనిషికి ఆ పని. పడవ ఎక్కేటప్పుడు వెళ్ళాను. నా కేసి చూడలేదు. కాలిన మచ్చలున్న ఆ చేతుల్లో గుడ్డ మూట ఒకటి పట్టుకుని, చక్రాల వైపు చూస్తూ కూర్చున్నారు.


వైశాఖ శుద్ధ పంచమి

కోపంలో బుర్ర పనిచెయ్యదంటారు. నాకు ఇవాళ పనిచేసింది.

నత్రజని కాలిపోతే పెట్టెకి చార్జీ తక్కువ పడుతుంది. ముల్లు రేవులోనే అరవై దగ్గరో డెబ్భై దగ్గరో ఆగిపోవాలి. మా పెట్టెలన్నీ వందకి నిండాయి. పట్టాల్సినంతా పట్టాయి. పట్టింది కారిపోయింది. అసలు పట్టకపోవడం వేరు, పట్టాక కారిపోవడం వేరు. ఇనుము ఒక పలక దగ్గర చార్జీ తీసుకుని ఇంకొక పలక దగ్గర దింపి, మళ్ళీ వెనక్కి వచ్చి, అలా అటూ ఇటూ తిరుగుతూ పెట్టెని లోపల్లోపలే ఖాళీ చేస్తుంది. ఇది నత్రజని తప్పు కాదు. బట్టీ తప్పు కాదు. కడుగుడు తప్పు.

బట్టీకి మండలి తాళం వేసింది. కడుగుడు షెడ్డుకి వెయ్యడం మరిచిపోయారు. ప్రతి కాల్పు నుంచీ నమూనాకని ఒక్కొక్క డబ్బా బొగ్గు అక్కడ దాస్తాం. రెండు నీళ్ళు కడిగినవి ఆరు డబ్బాలు ఉన్నాయి. కలిపితే ఒక పెట్టెకి సరిపోతుంది. అదే బట్టీ, అదే సెగ, అదే బొగ్గు. దీన్ని ఆమ్లంలో నానబెట్టి ఇనుము లాగేసి, వాన నీళ్ళతో ఏడుసార్లు కడిగి పెట్టె చేస్తాను. నత్రజని నిజంగా పోయి ఉంటే ఎంత కడిగినా తిరిగి రాదు కదా. పెట్టె బాగుపడిందంటే మేస్త్రి తప్పు లేనట్టే.

నీళ్ళు కావాలి. అచ్చియమ్మని అడిగాను. వేసవి రేషను ఇంటికి రోజుకి మూడు బిందెలు. ఆవిడ అడగడానికి వెళ్ళింది. సాయంత్రానికి కడుగుడు షెడ్డు ఆడవాళ్ళు తొమ్మిది మంది తలా ఒక బిందె తెచ్చి దింపారు. రేపు కూడా తెస్తాం అన్నారు. ఒకావిడ బిందె దింపుతూ, ఆ ముసలాయన చేతి మీద మాకూ అన్నం దొరికింది గదా అంది.


వైశాఖ శుద్ధ దశమి

శేషగిరి గారు కబురు పంపారు. షెడ్డులో ఏం జరుగుతోందో తెలిసినట్టుంది. కానీ ఆ సంగతి ఎత్తలేదు. బట్టీ మళ్ళీ తెరవాలని, కొత్త మేస్త్రి కావాలని, నన్నే అనుకుంటున్నారని చెప్పారు. వీరవేణికి మండలి తరఫున బడిలో పని ఇప్పిస్తారట.

ఏడు నీళ్ళు కడగనిస్తారా అని అడిగాను. సమాఖ్యకి మాట ఇచ్చేశాం, వర్షాలు పడ్డాక చూద్దాం అన్నారు. ముగ్గురు చచ్చిపోయారండీ అన్నాను. ఆయన మొహంలో మెత్తదనం పోయింది. అంతకుముందు ఎప్పుడూ చూడలేదు నేను ఆ మొహం.

"మీటరు వంద చూపించిందా లేదా? ముద్ర వేసింది ఎవరు, నేనా?"

నేను లేచి వచ్చేశాను. ఆయన అబద్ధం చెప్పి ఉంటే ఇంత కోపం వచ్చేది కాదు. చెప్పింది నిజం. ఆ నిజం వెనక తను దాక్కున్నాడు. కడగొద్దన్నది నోటి మాట, రాయొద్దన్నది నోటి మాట, పడవ ఆపమన్నది నోటి మాట. ముద్ర ఒక్కటే కనిపించేది, అది నాది.

ఐదో నీళ్ళు అయ్యాయి. నీళ్ళు ఇంకా కొంచెం పసుపుగా వస్తున్నాయి.


వైశాఖ పౌర్ణమి

ఇవాళ పోటు పెద్దది. రేవు నిండా జనం. ఎవరి అనుమతీ అడగలేదు. రేవు మధ్యలో బల్ల వేసి మూడు పెట్టెలు పెట్టాను. ఒకటి రెండేళ్ళ కిందటిది, మేస్త్రి చేతి మీదుగా ఏడు నీళ్ళు కడిగింది. రెండోది ఈ మధ్య చేసిన రెండు నీళ్ళది. మూడోది మేం తిరిగి కడిగి చేసింది. మూడింటికీ అందరి ముందూ చార్జీ ఎక్కించాను. మూడూ వంద. టైము ఏడుంపావు.

ఇక వీటిని ఎవరూ ముట్టుకోవద్దు, గంట గంటకీ ముల్లు చూస్తాను, ఉండగలిగిన వాళ్ళు ఉండండి అని చెప్పాను. కొందరు వెళ్ళిపోయారు. చాలామంది గొడుగులు తెచ్చుకుని ఉండిపోయారు. ప్రతిసారీ వేరే వేరే వాళ్ళని పిలిచి ముల్లు చదివించాను, నేను చదివితే నమ్మరని.

తొమ్మిదింటికి మధ్య పెట్టె డెబ్భై తొమ్మిది. మిగతా రెండూ తొంభై తొమ్మిది.

పదింటికి శేషగిరి గారు నలుగురు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. రేవు పనికి అడ్డంగా ఉంది, బల్ల తియ్యమన్నారు. వలల పడవల వాళ్ళు, తమ్ముణ్ణి నీళ్ళలోంచి తెచ్చినవాళ్ళు, బల్ల చుట్టూ వచ్చి నిలబడ్డారు. ఒక్కరూ చెయ్యి ఎత్తలేదు, ఊరికే నిలబడ్డారు. ఆయన మనుషులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ముల్లు మీరే చదవండి సార్ అని అచ్చియమ్మ ఆయన్ని పిలిచింది. ఆయన కదల్లేదు.

పన్నెండింటికి మధ్య పెట్టె యాభై ఒకటి. పాతది తొంభై ఏడు. తిరిగి కడిగింది తొంభై ఆరు.

రెండో పెట్టెలోనూ మూడో పెట్టెలోనూ ఒకే బట్టీ బొగ్గు ఉందని, ఒకే నత్రజని ఉందని, తేడా నీళ్ళు మాత్రమేనని చెప్పాను. రెండు నీళ్ళు, అవీ బోరు నీళ్ళు చాలని చెప్పింది ఎవరో చెప్పాను. పడవని నాలుగు గంటలు ఎందుకు ఆపారో చెప్పాను. బిగ్గరగా చెప్పలేదు, అక్కర్లేకపోయింది. శేషగిరి గారు నేనే పెట్టెలో ఏదో కలిపానన్నారు. అప్పుడు జనంలోంచి వీరవేణి వచ్చింది. తమ్ముడి పడవలోంచి తీసి ఇంట్లో ఉంచిన ఆ పెట్టెని బల్ల మీద పెట్టింది. పెట్టి నా ఎదురుగా నిలబడింది.

"ఈ ముద్ర ఎవరిది వదినా?"

"నాది."

"ఇవి కారిపోతాయని నీకు ముందు తెలుసా?"

తెలుసు అన్నాను. చైత్ర షష్ఠి నాడే తెలుసు, ఇరవై ఆరుకి పడిపోవడం నా కళ్ళతో చూశాను, ఆయన రాయొద్దంటే రాయలేదు, తర్వాత కూడా ముద్రలు వేస్తూనే ఉన్నాను, మీ ఆయన వచ్చి అడిగితే పెద్దగా ఏం లేదని చెప్పాను అన్నాను. అంతా చెప్పాను. ఈ పుస్తకం తీసి ఆ పేజీ ఆవిడ చేతికి ఇచ్చాను. ఆవిడ చదివింది. చదివి పుస్తకం బల్ల మీద పెట్టి, అరిచేత్తో నా చెంప మీద ఒక్కటి కొట్టింది. ఎవరూ ఆపలేదు. ఆపకూడదు కూడా.

తర్వాత జనం ఒక్కొక్కరే ఇళ్ళకి వెళ్ళి కొత్త పెట్టెలు తెచ్చి రేవులో దింపడం మొదలుపెట్టారు. సాయంత్రానికి నూట నలభై ఎనిమిది వచ్చాయి. శేషగిరి గారు ఎప్పుడు వెళ్ళిపోయారో నేను చూడలేదు.


వైశాఖ బహుళ అష్టమి

మండలి రెండు రోజులు కూర్చుంది. శేషగిరి గారిని కార్యదర్శి పదవిలోంచి తీసేశారు. ఊపిరి పీల్చుకుందామనుకునేలోపు తెలిసింది, ఆయన్ని సమాఖ్య ఆఫీసులో సరుకుల పంపకానికి వేసుకున్నారట. మొదటి గట్టులో ఇల్లు కూడా ఇచ్చారట. ముగ్గురి చావుకి ఆయన అనుభవించేది మకాం మార్చడం. ఇది రాస్తుంటే పెన్ను కాగితంలోకి దిగబడుతోంది.

నా ముద్ర తీసేసుకున్నారు. అది న్యాయం. కడుగుడు షెడ్డులో అచ్చియమ్మ కింద పని అడిగాను, ఇచ్చారు.

దావీదు మేస్త్రిని తీసుకొచ్చారు. నెల కాలేదు, మనిషి సగమయ్యాడు. రాళ్ళు మోసి కుడి భుజం లేవడం లేదు. దగ్గు ఒకటి పట్టుకుంది. నేను వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. ఆయనే అన్నారు.

"వాడు కడగొద్దంటే నేను కడగడం మానేశాను. వాడు రాయొద్దంటే నువ్వు రాయడం మానేశావు. వాడు ఒక్కడే, రత్నం. మనం ఇద్దరం."

రేపు బట్టీ వెలిగిద్దాం, పొట్టు చూసి తీసుకో అన్నారు.


జ్యేష్ఠ శుద్ధ ఏకాదశి

ఏడు నీళ్ళు కడిగిన మొదటి దఫా పూర్తయింది. ఏడో నీళ్ళు తాగే నీళ్ళలా వచ్చాయి. చేతులు ముంజేతుల దాకా నల్లబడ్డాయి, సబ్బుకి పోవడం లేదు. అచ్చియమ్మ నవ్వి, ఇంకో పాతికేళ్ళు ఆగు అంది.

మండలి సభ పెట్టి కొత్త నియమాలు అడిగింది. నింపిన పెట్టెని ఒక పగలూ ఒక రాత్రీ ఊరికే ఉంచాలి, తొంభై దిగకపోతేనే ముద్ర. అందరూ సరేనన్నారు. ముద్ర ఎవరికివ్వాలి అన్నప్పుడు వీరవేణి లేచింది. తమ్ముడి పడవ బాగు చేయించి ఆవిడే నడపబోతోందని అప్పటిదాకా నాకు తెలియదు. ముద్ర మా వదినకే ఇవ్వండి అంది. అందరూ అటు తిరిగారు. కొత్త పెట్టె వేసుకుని పడవ మొదటిసారి మొగ దాటేటప్పుడు, ముద్ర వేసిన మనిషి ఆ పడవలో కూర్చోవాలి, అదీ నియమంలో రాయండి అంది. నా కేసి చూడకుండానే చెప్పి కూర్చుంది.

రాశారు. నా ముందే రాశారు. చదివి సంతకం పెట్టాను.


జ్యేష్ఠ అమావాస్య

పొద్దున్న పదకొండున్నరకి పడవ ఎక్కాను. పాటు తీస్తోంది. పడవలో తొమ్మిది మంది ఉన్నారు, ఒకావిడ ఒళ్ళో పిల్ల ఉంది. వీరవేణి మోటారు దగ్గర కూర్చుంది. నన్ను ముందు పలక మీద కూర్చోమంది, అందరికీ కనిపించేలా.

పెట్టె నిన్న పొద్దున్న నింపింది. ఇవాళ బయల్దేరే ముందు తొంభై నాలుగు. మారుది తొంభై మూడు. అది తెలిసి కూడా మొగ మధ్యకి వచ్చేసరికి నా గోళ్ళు పలకలోకి దిగబడ్డాయి. నీళ్ళు పడవని పక్కకి నెడుతున్నాయి. వంతెన స్తంభాలు కుడివైపు పైకి తేలి కనిపించాయి. వీరవేణి వాటి కేసే చూస్తూ మోటారు పెంచింది. గొంతు మారకుండా తిరిగింది మోటారు. ఒళ్ళో పిల్ల ఏదో మాట్లాడుతూనే ఉంది.

నాకు ఏడుపు రాలేదు. ఇంకా కోపంగానే ఉంది. మొదటి గట్టులో ఇవాళ ఆ మనిషి ఏ రేవులోనో నిలబడి ఎవరికో మెత్తగా ఏదో చెబుతూ ఉంటాడు. మేస్త్రి దగ్గుతూ ఉంటారు. వాళ్ళిద్దరి మధ్యా నేనున్నాను. ఈ కోపం తగ్గకూడదని నాకు అనిపించింది. తగ్గిన రోజు మళ్ళీ ఎవరో వచ్చి రెండు నీళ్ళు చాలంటారు, నేను చల్లటి నీళ్ళు తాగి లేచి వస్తాను.

తొమ్మిదో గట్టు చేరాం. జనం దిగారు. వీరవేణి తాడు కట్టి, పెట్టె మీద చెయ్యి వేసి చూసుకుని, నన్ను కొట్టిన ఆ పౌర్ణమి తర్వాత ఇవాళే మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"రేపు కూడా రావాలి వదినా. ఎల్లుండి కూడా."

నియమంలో ఒక్కసారే రాశారు. ఆ మాట నేను అనలేదు. వస్తానన్నాను. తిరుగు ప్రయాణానికి మనుషులు వస్తున్నారు, వాళ్ళు ఎక్కడానికి పక్కకి జరిగి కూర్చున్నాను.